1960ల నాటి అమెరికా విలాసవంతమైన సెడాన్ కార్లు

1960వ దశకంలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో తయారైన విలాసవంతమైన పెద్ద సెడాన్ కార్లలో కాడిలాక్, లింకన్ కాంటినెంటల్, ఇంపీరియల్ ముఖ్యమైనవి. వీటిని వరుసగా జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రిస్లర్ సంస్థలు తయారు చేసాయి. మూడింటిలోను వి-8 ఇంజను, ఆటోమాటిక్ గేర్లు, పవర్ స్టీరింగు ఉండేవి. అయితే చట్రం, సస్పెన్షన్, బ్రేకుల విషయంలో ఈ సంస్థలు వేర్వేరు మార్గాలను అనుసరించాయి. అమ్మకాలలో కాడిలాక్ మిగిలిన రెండింటికంటే చాలా ముందుండేది.

1961 నమూనాల పోలిక

* కాడిలాక్: ఇంజను 6.4 లీటర్లు, 325 అశ్వశక్తి. ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 3.29 మీటర్లు.
* లింకన్ కాంటినెంటల్: ఇంజను 7.0 లీటర్లు, 300 అశ్వశక్తి. ఇరుసుల మధ్య దూరం 3.12 మీటర్లు.
* ఇంపీరియల్: ఇంజను 6.8 లీటర్లు, 350 అశ్వశక్తి; ఇరుసుల మధ్య దూరం 3.28 మీటర్లు.

ఈ అశ్వశక్తి లెక్కలు ఇంజనును విడిగా, కొన్ని అనుబంధ పరికరాలు లేకుండా పరీక్షించి చెప్పినవి. 1972 నుండి అమెరికా సంస్థలు కారులో అమర్చిన స్థితికి దగ్గరగా ఉండే నికర లెక్కను వాడసాగాయి. కావున పై అంకెలను నేటి కార్ల అంకెలతో నేరుగా పోల్చరాదు.

చట్రం

లింకన్ కాంటినెంటల్‌లో చట్రం, బాడీ కలిసి ఒకే నిర్మాణంగా ఉండేవి. దీనివలన కారు దృఢంగా ఉన్నప్పటికీ బరువు తగ్గలేదు. సెడాన్ బరువు 2,200 కిలోలకు పైగా ఉండేది. ఇంపీరియల్‌లో 1966 వరకు బాడీని విడి చట్రంపై బిగించేవారు. 1967లో ఇది కూడా ఏక నిర్మాణానికి మారింది.

కాడిలాక్ 1957 నుండి 1964 వరకు ఇంగ్లీషు ఎక్స్ అక్షరం ఆకారంలో ఉన్న చట్రాన్ని వాడింది. ఇందులో పక్కల కమ్ములు లేకపోవడం వలన కారు నేలను కిందికి దించి, ఎత్తు తగ్గించడం సాధ్యమైంది. అయితే పక్కనుండి మరొక వాహనం ఢీకొన్నప్పుడు ప్రయాణికులకు చట్రం రక్షణ తక్కువగా ఉండేది. 1965లో చుట్టూ కమ్ములుండే చట్రం దీని స్థానంలో వచ్చింది.

సస్పెన్షన్, బ్రేకులు

కాడిలాక్‌లో నాలుగు చక్రాలకు చుట్ట స్ప్రింగులు ఉండేవి. లింకన్‌లో ముందు చుట్ట స్ప్రింగులు, వెనుక పట్టీ స్ప్రింగులు వాడారు. ఇంపీరియల్‌లో ముందు చక్రాల కుదుపును మెలితిరిగే ఉక్కు కడ్డీలు తీసుకొనేవి.

1961లో మూడు కార్లకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. ఇంత బరువైన కారును వేగంలో పదేపదే ఆపినచో డ్రమ్ములు వేడెక్కి బ్రేకుల పట్టు తగ్గేది. లింకన్ 1965లో ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు అమర్చింది. కాడిలాక్ 1962లోనే బ్రేకు ద్రవానికి రెండు వేర్వేరు మార్గాలు ఏర్పరచింది. ఒక మార్గం చెడినా రెండవది పనిచేయడం దీని ప్రయోజనం. 1968 నుండి అమెరికాలో కొత్త కార్లకు ఇటువంటి ఏర్పాటు తప్పనిసరి అయింది.

ఇతర సౌకర్యాలు

ఇంపీరియల్‌లో 1964 వరకు గేర్లను మీటలు నొక్కి మార్చేవారు. కాడిలాక్ 1964లో కంఫర్ట్ కంట్రోల్ అనే ఏర్పాటును ప్రవేశపెట్టింది. కావలసిన ఉష్ణోగ్రతను ఒకసారి నిర్ణయించినచో, వేడిగాలి, చల్లగాలి పాళ్ళను అదే సరిచూసుకొనేది.

లింకన్ వెనుక తలుపుల కీలు వెనుక వైపు ఉండేది. ఇరుసుల మధ్య దూరం తక్కువ కావడంతో, మామూలు తలుపు ఉన్నచో దిగేవారి కాళ్ళు దానికి తగిలేవి. ఈ కారుకు రూపకల్పన చేసిన ఎల్వుడ్ ఎంగెల్ 1961లో క్రిస్లర్‌లో చేరాడు. 1964 ఇంపీరియల్ రూపం కూడా ఆయన ఆధ్వర్యంలోనే తయారైంది. 1963 నవంబరు 22న డల్లాస్‌లో హత్యకు గురైనప్పుడు అధ్యక్షుడు కెన్నెడీ ప్రయాణిస్తున్నది 1961 కాంటినెంటల్ ఆధారంగా నిర్మించిన కారులోనే. పైకప్పు లేకుండా సాగిన ఆ కారుకు తరువాత కవచం అమర్చి, 1977 వరకు అధ్యక్షుల సేవలో ఉంచారు.

క్షీణత

1973 చమురు సంక్షోభంతో పెట్రోలు ధర పెరిగి, పెద్ద ఇంజన్లు భారమయ్యాయి. క్రిస్లర్ 1975లో ఇంపీరియల్ పెద్ద కార్ల తయారీని ఆపివేసింది. కాడిలాక్ 1977లోను, లింకన్ 1980లోను తమ పెద్ద సెడాన్ల పరిమాణాన్ని తగ్గించాయి. విడి చట్రం గల లింకన్ టౌన్ కార్ తయారీ 2011లో ముగిసింది.