వేసవి పఠనము – గ్రంథాలయోద్యమము నేర్పిన పాఠము

గ్రంథాలయమునకు వేసవి పంటకాలము వంటిది. ఏప్రిలు నెలాఖరున బడులు మూయబడినది మొదలు జూను రెండవ వారమున మరల తెరచు వరకు బాలబాలికలకు తీరికయే తీరిక. ఈ కాలమున పుస్తకపు రుచి మరిగినవాడు జీవితాంతము చదువరి యగును. విసుగు పుట్టించు పుస్తకము చేతబడినవాడు మరల గ్రంథాలయపు గడప త్రొక్కుట అరుదు. కావున వేసవికి ఏ పుస్తకముల నెన్నుకొనవలెనను ప్రశ్న చిన్నది కాదు. దీనికి సమాధానము మన తెలంగాణ గ్రంథాలయోద్యమ చరిత్రలోనే కలదు.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము స్థాపితమైనది. నాటి నిజాం రాజ్యమున రాజభాష ఉర్దూ. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉర్దూలోనే సాగెను. తెలుగున చదువుకొనగోరు వారికి గ్రంథాలయమే పాఠశాల, గ్రంథాలయమే సభామందిరము అయ్యెను. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగు పెద్దలు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, మరుసటి యేట గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాం లింకను చరిత్రమును వెలువరించిరి. అయితే విజ్ఞానమే ధ్యేయముగా గల ఆ మండలియే నవలలకు పోటీలు పెట్టి, బహుమతు లిచ్చి ప్రకటించిన సంగతి గమనింపదగినది. కథారుచి లేనిదే చదువరి పుట్టడని ఆ పండితు లెఱిగియుండిరి.

మన ప్రాంతమునకు ఈ చరిత్రతో సన్నిహిత సంబంధము కలదు. 1930 మార్చిలో నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ ప్రథమ సమావేశము మన జోగిపేటలోనే జరిగినది. 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిన సురవరం ప్రతాపరెడ్డిగారు దానికి అధ్యక్షులు. సభ జరుపుకొనుటకే సర్కారు అనుమతి కావలసిన దినము లవి. గ్రంథాలయము పెట్టుట యనగా ధైర్యము చేయుటయే.

పుస్తకము పేదవాని చేతికి అందవలెనను తపనతో 1938లో రెండు గ్రంథమాలలు పుట్టినవి. కె.సి. గుప్తగారి అణా గ్రంథమాల ఒకటి. అణా యనగా రూపాయిలో పదునాఱవ వంతు. రెండవది వట్టికోట ఆళ్వారుస్వామిగారి దేశోద్ధారక గ్రంథమాల. వంటపని చేసి పొట్ట పోసుకొనిన ఆళ్వారుస్వామిగారు పుస్తకములను మోసికొని ఊరూరు తిరిగి అమ్మిరి. వాకిటనే యెదురుగా నిలిచిన పాఠకుని అభిరుచిని ఆయన కంటె నెఱిగిన వారెవరు? తరువాత ఆయన వ్రాసిన ‘ప్రజల మనిషి’ నవల తెలంగాణ పల్లె బ్రతుకును కథగా చెప్పి నేటికిని చదివించుచున్నది.

ఇంతకు వేసవికి ఏమి చదువవలెను? మొదటిది హాస్యము. చిలకమర్తి వారి ‘గణపతి’, మొగలితుఱ్ఱు కుఱ్ఱవాడు బారిష్టరు చదువునకై ఇంగ్లండు పోయిన వైనము తెలుపు మొక్కపాటి వారి ‘బారిష్టర్ పార్వతీశం’ ఇంటిల్లిపాదియు కూర్చుండి చదివి నవ్వుకొనదగినవి. రెండవది యాత్ర. 1830లో మద్రాసునుండి బయలుదేరి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశికి పోయిన ఏనుగుల వీరాస్వామయ్యగారి యాత్రాచరిత్రను చదివినచో నీడపట్టున కూర్చుండియే దేశమంతయు చూడవచ్చును. మూడవది మన నేల కథ. దాశరథి రంగాచార్యులవారి ‘చిల్లర దేవుళ్ళు’ వంటి నవలలో తాతల నాటి దొరతనము కన్నులకు కట్టును. అది చదివినవాడు ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను తనంతట తానే అడుగును. వినోదము నుండి విజ్ఞానమునకు దారి ఇట్లు పడును.

ప్రతి పాఠకునికి తన పుస్తకము, ప్రతి పుస్తకమునకు తన పాఠకుడు లభింపవలెనని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్‌గారు 1931లోనే సూత్రీకరించిరి. పది పుటలు చదివినను మనసు పట్టని పుస్తకమును తిరిగి యిచ్చి మరియొకటి తీసికొనుట తప్పు కాదు. బిడ్డ యెన్నుకొనిన బొమ్మల కథలను చూచి పెద్దలు ముఖము చిట్లింపరాదు.

నేడు మన కంది పూర్వపు కంది కాదు. ఒక ప్రక్క ఐఐటి విద్యార్థులు, మరియొక ప్రక్క పటాన్‌చెరు కర్మాగారములకు షిఫ్టులకు పోవు కార్మికులు. పోటీపరీక్షల పుస్తకములకు గిరాకి హెచ్చినది. అవి బ్రతుకుతెరువునకు అవసరమే, కాదనరాదు. కాని పరీక్ష ముగిసిననాడు ఆ పుస్తకము మూతపడును. ఆనందముతో చదివినది మూతపడదు. బీరువాలో ఉద్యోగపు పుస్తకము ప్రక్కన నవ్వుల పుస్తకమునకును చోటుండవలెను. పొరుగు రాష్ట్రములనుండి వచ్చిన కార్మికుల బిడ్డలకై వారి భాషల కథలు కొన్నియైనను ఉండవలెను. తన భాషలో పుస్తకము దొరకని బాధ యెట్టిదో మన పూర్వు లనుభవించి యెఱిగినదే కదా!

అణా పుస్తకములతో ఆరంభమైన ఆ దీక్షకు వారసులము మనము. ఈ రజతోత్సవ వత్సరమున ప్రతి చందాదారుడు వేసవిలో ఒక్క బిడ్డనైనను వెంటబెట్టుకొని వచ్చి, వానికి నచ్చిన పుస్తకమును వానినే ఎన్నుకొననిచ్చినచో మన గ్రంథాలయపు స్వర్ణోత్సవమునకు పాఠకులు ఇప్పుడే సిద్ధమగుదురు.