బాహూరు చెరువు – ఎనుబదియేండ్ల యెల్ల

పుదుచ్చేరి పట్టణమునకు దక్షిణమున, కడలూరు దిక్కుగా, బాహూరను ప్రాచీన గ్రామము కలదు. మూలనాథస్వామి ఆలయము ఆ యూరికి అలంకారము. విశాలమైన చెరువు ఆ పొలములకు ప్రాణము. పుదుచ్చేరి ప్రాంతమున ఊసుడు చెరువు తరువాత పెద్దది ఇదియే. తొమ్మిదవ శతాబ్దిలో, పల్లవరాజగు నృపతుంగవర్మ 8వ పాలనా సంవత్సరమున, ఇచటి విద్యాస్థానమునకు మూడు గ్రామములు దానముగా లభించినవి. సంస్కృత ద్రావిడ భాషలలో నున్న తామ్రశాసనము ఆ దానమునకు సాక్షి.

అయితే బాహూరు చరిత్రలో నేటివారు ప్రత్యేకముగా గమనింపదగినది వేరొకటి కలదు. ఆలయ శిలాశాసనములలో చెరువు పోషణకు సంబంధించిన కట్టుబాటొకటి కానవచ్చుచున్నది. పదియేండ్లు దాటి ఎనుబదియేండ్లు నిండనివారు చెరువు నిమిత్తము తమ వంతు భారము వహింపవలెననుట దాని సారము. ఏటేట చెరువు అడుగున ఒండు చేరును. దానిని తీయనిచో నీరు నిలువదు, పైరు పండదు. కనుకనే ఆ భారము ఊరివారందరి మీద పడినది. డెబ్బదియైదేండ్ల వృద్ధుడును ఆ లెక్కకు వెలుపలివాడు కాడు.

పరాంతక చోళుని కాలమున, 921లో, ఉత్తరమేరూరు సభవారు చేసికొన్న నిబంధన దీనితో పోల్చదగినది. చెరువు వారియము మున్నగు సంఘములలో సభ్యత్వమునకు 35 ఏండ్లు దాటి 70 ఏండ్లు నిండనివారే అర్హులు. అధికారమునకు 70 హద్దు. ఊరి పనికి 80 హద్దు. పదవి పోయినను పాత్ర పోలేదన్నమాట.

ఈ కట్టుబాట్లు వృద్ధుల ఆరోగ్యమును కోరి చేసినవని చెప్పుట చరిత్రకు మించిన మాట యగును. అవి నీటికొరకు చేసినవి. ఉత్తరమేరూరు నియమములో భూమియు వేదవిద్యయు గలవారికే చోటు దొరకినదనియు మరువరాదు. అయినను వృద్ధుని ప్రక్కకు నెట్టక లెక్కలో నుంచుకొనుట ఆనాటి గ్రామజీవనమునకు సహజమని వీనివలన తెలియుచున్నది.

ఆ రీతిలోని మేలును నేటి శాస్త్రము వేరు మార్గమున కనుగొన్నది. 148 అధ్యయనములను, మూడు లక్షలకు పైబడిన జనుల వివరములను కూర్చి పరిశీలించిన సమీక్ష యొకటి 2010లో వెలువడినది. బంధుమిత్ర సంబంధములు దృఢముగా గలవారు, అవి కొరవడినవారికన్న, ఆ అధ్యయన కాలమున జీవించియుండు అవకాశము 50 శాతము అధికమని అందు తేలినది.

కేంద్ర ప్రభుత్వోద్యోగి విరమణ వయస్సు 1962లో 55 నుండి 58కి, 1998లో 60కి పెరిగినది. బాహూరు లెక్క ననుసరించిన ఆపైన ఇంకను ఇరువదియేండ్ల పని మిగిలియున్నది. విశ్రాంతి వేతనము ఇల్లు గడుపును గాని, ఉదయము లేచి వెళ్లుటకొక చోటును, ఎదురుచూచు నలుగురిని తెచ్చి యీయజాలదు. గ్రంథాలయమో, భజన మందిరమో, పిల్లలకు తెలుగు నేర్పు బడియో, సమాజ నాటకమో – ఎవరి చెరువు వారు వెదకికొనవలెను. వృద్ధులకు అందులో వంతు పంచి యుంచుట చిన్నవారి విధి.