కమ్మరి కొలిమియు తుపాకి గొట్టమును

మన చరిత్ర గ్రంథములలో యుద్ధవర్ణనలకు కొదువలేదు. ఏ రాజు ఏ కోటను ముట్టడించెను, ఎవ్వరు గెలిచిరి, ఎవ్వరు సంధికి వచ్చిరి అను సంగతులను పసిపిల్లలు సైతము బడిలో వల్లించుచున్నారు. కాని ఆ యుద్ధములలో ప్రేలిన తుపాకులను చేసినవారెవరు, వారు చేతబట్టిన పనిముట్లేవి, ఆ పనిముట్లకు పదునిచ్చిన ఉక్కు ఎక్కడిది అని యడుగువారు మిక్కిలి యరుదు. ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు తెలంగాణమువారు దూరదేశములకు పోనక్కఱలేదు. పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలలో గోదావరికి రెండు ప్రక్కల నున్న పల్లెలలో, చెఱువుగట్లయొద్దను పొలముల నడుమను, నల్లని ఇనుపచిట్టెపు దిబ్బలు నేటికిని కనబడుచున్నవి. దున్నువాడు వానిని విసుగుతో ప్రక్కకు త్రోసి తన దారిని తాను పోవుచున్నాడు. ఆ చిట్టెమే మన చరిత్రలో చదువబడని యొక పుట.

నిర్మలకు తూర్పుననున్న దిమ్మదుర్తి ప్రాంతపు కొండలలో నయస్కాంతగుణముగల ఇనుపరాయి దొరకుచుండెను. కరీంనగరపు వాయవ్యమూలనున్న మెట్పల్లియొద్ద ఇనుము కరగుచుండెను. ఆ మెట్పల్లికి సమీపముననే, నిజామాబాదు జిల్లాలో, కోనసముద్రమను గ్రామము కలదు. 17వ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టవెర్నియే, పారసీకమున నీటిచారలు తేలు కత్తులకు పనికివచ్చు ఉక్కు గోలకొండ రాజ్యమునుండియే పోవుచున్నదని వ్రాసెను. ఆ ఉక్కు పుట్టిన తావులలో కోనసముద్రము ముఖ్యమైనది.

భూమికొలత శాఖలో వైద్యుడుగను భూగర్భశాస్త్రజ్ఞుడుగను పనిచేసి 1824లో మరణించిన హెన్రీ వెస్లీ వాయిసీ యను ఆంగ్లేయుడు ఈ గ్రామమున ఉక్కు వండుటను కన్నులార చూచి వ్రాసియుంచెను. ఆ వ్రాత 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చుపడెను. అతడు చెప్పిన రీతి యిది: మెట్పల్లి ఇనుమును, మఱియొక చోటినుండి తెచ్చిన కొండాపురపు ఇనుమును చిన్నచిన్న ముక్కలుగా కొట్టి, ఏర్పడిన పాళ్లలో కలిపి మట్టిమూసలలో నుంచుదురు. నాలుగు తిత్తులతో ఇరువదినాలుగు గంటలు మంట నూదుదురు. మూస చల్లారిన పిమ్మట పగులగొట్టగా ఇంచుమించు ఒకటిన్నర పౌను తూగు ఉక్కుబిళ్ల చేతికి వచ్చును. అది సమ్మెటకు లొంగనంత గట్టిది. అందుచేత దానికి మట్టి పూసి మరల కొలిమిలో పండ్రెండు, పదునాఱు గంటలు కాచి చల్లార్తురు. ఇట్లు మూడు నాలుగు మారులు చేసినగాని అది పనికి లొంగదు. పారసీక వర్తకులు ఇస్పహానునుండి అక్కడికి వచ్చి, కూర్చుండి, బిళ్లలను తూచి పరీక్షించి కొనుచుండిరని కూడ అతడు తెలిపెను.

ఇంత ఓపిక గల పనిని మోటుపని యనువాడు ఒక్కపూట తిత్తి యొత్తి చూడవలెను.

ఇప్పుడు తుపాకి మాట. ఇనుమంతయు నొకటే యనుకొనుట చదువుకొన్నవారి పొరపాటు, కమ్మరి అట్లనుకొనడు. వత్తితుపాకి గొట్టమునకు సాగి చుట్టుకొను మెత్తని ఇనుము కావలెను. గట్టి ఉక్కు అక్కడ పెళుసై, మందు ప్రేలినపుడు పగిలి పట్టినవాని ప్రాణము తీయవచ్చును. ఆ గొట్టమును నునుపుచేయు ఆకురాయికి, తొలుచు బర్మామొనకు, చెక్కు ఉలికి, మీటను వెనుకకు లాగు కమానునకు మాత్రము గట్టి ఉక్కే కావలెను. కావున తుపాకి చేయువాని నేర్పులో సగము పనిముట్ల నెన్నుకొనుటయందే యుండెడిది. దాగలి యెంత బరువైనదియో, పట్టుకారు నోరెంత వెడల్పో, ఏ ఆకురాయికి ఎన్నివరుసల పండ్లుండవలెనో అతనికి తండ్రి చేతినుండి వచ్చిన విద్య. అది ఏ గ్రంథమునను లేదు. ఉత్తరదేశమున అక్బరు ఆస్థానమందు అబుల్ ఫజలు మాత్రము గొట్టము చుట్టు విధమును, ఎద్దు త్రిప్పుచుండగా పదునాఱు గొట్టములను ఒక్కసారి శుభ్రపఱచు చక్రమును వర్ణించి పోయెను. రాజు ముచ్చటపడెను గనుక వ్రాయసకాడు వ్రాసెను.

మనకు అట్టి ముచ్చట కలుగలేదు. జగిత్యాలలో 1747లో జఫరుద్దౌలా కొఱకు ఫ్రెంచి యింజనీరులు కట్టినదని చెప్పెడు కోట నేటికిని నిలిచియున్నది. నిర్మల చుట్టును కోటగోడలు, బురుజులు నున్నవి. కోట కట్టించినవాని పేరు మిగిలినది, కట్టినవారు ఏ దేశమువారో తెలిసినది. బురుజుపైని తుపాకిని చెడినపుడు బాగుచేసిన కమ్మరి పేరు ఏ కాగితమునను కానరాదు.

ఈలోపల ఇంగ్లండున మఱియొక కథ నడచెను. 1795లో జార్జి పియర్సను అను వైద్యుడు మన ఉక్కును పరీక్షించి రాయల్ సొసైటీలో వ్యాసము చదివెను. స్టోడార్టు అను కత్తులవర్తకుడు, పిమ్మట జగత్ప్రసిద్ధుడైన మైకేల్ ఫారడే, ఇరువురును కూడి 1820 ప్రాంతమున ఈ ఉక్కు గుణములను శోధించిరి. ఫారడే స్వయముగా కమ్మరి కుమారుడు! అచ్చట కమ్మరి కుమారునకు ప్రయోగశాల తలుపు, ఎంత కష్టముమీదనైనను, తెఱచుకొన్నది. 1850ల దశకమున ఇంగ్లీషు ప్రభుత్వము అమెరికానుండి యంత్రములను తెప్పించి ఎన్‌ఫీల్డు కర్మాగారమున నిలిపెను. రైఫిలనగా గొట్టములోపల మెలికలుగా గాడులు తీసిన తుపాకి. ఆ గాడులు ఒక వెండ్రుకవాసియైన తప్పరాదు. ఒక తుపాకి విడిభాగము మఱియొకదానికి ఇట్టే అమరవలెను. ఇది కంటితో చూచి చేతితో సరిచేయు పని గాక, కొలతతోను యంత్రముతోను నడచు పని యయ్యెను. మన దేశమునను 20వ శతాబ్దారంభమున కలకత్తాయొద్ద ఈశాపూరున రైఫిళ్ల కర్మాగారము వెలసెను. కోనసముద్రపు కొలిమినుండి అచ్చటికి పోవుటకు నడుమ మెట్టొక్కటియు లేకపోయెను. లెక్కలు నేర్పు బడి లేదు, చిత్తరువు గీయుట నేర్పువారు లేరు.

కొలిమి చల్లాఱుటకు కారణము లనేకములు. చౌకయైన సీమ ఉక్కు సంతలకు వచ్చెను. అడవులపై కట్టుదిట్టములు పెరిగి బొగ్గులు కొఱవడెను. సంస్థానములలో సైన్యములు తగ్గగా ఆయుధములు కొనువారు తగ్గిరి. ఈ నేరమంతయు పరప్రభుత్వముపై మోపి చేతులు కడుగుకొనుట మనకు అలవాటైన పని. నేను ఆ పనికి ఒప్పుకొనను. మన యిండ్లలో కమ్మరికి వాకిటిదాక రాకడ యుండెను గాని అరుగెక్కి కూర్చుండు హక్కెక్కడిది? పంటకాలమున కళ్లమువద్ద మేర కొలిచి యిచ్చి, నాగలికఱ్ఱు సాగకొట్టుమని చెప్పి పంపితిమి. అక్షరము వచ్చినవాడు కొలిమి చెంతకు పోలేదు, కొలిమి తెలిసినవానికి అక్షరము చెప్పలేదు. ఆ విద్య ఇరువురి నడుమ నున్న అగాధమున పడిపోయెను. మన పెరటిలోని పనిని పరదేశి వైద్యుడు వ్రాసినదానిని మనము నేడు ఇంగ్లీషున చదివి గర్వపడుచున్నాము. ఆ గర్వములో సిగ్గు కొంత కలియుట మంచిది.

తుపాకి పోయెనని నాకు విచారము లేదు. లైసెన్సు లేక తుపాకి చేయుట 1959నాటి చట్టముచేత నేరము; అట్లుండుటయే మేలు. ఆకురాయిని ఎన్నుకొను కన్ను పోవుటకే విచారము. అదే కన్ను గడియారమును, కుట్టుయంత్రమును, నీటిపంపును చేయగలిగియుండెడిది.

2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారును ఇంగ్లండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును కలిసి ఉత్తర తెలంగాణపు పల్లెలు తిరిగి ఈ చిట్టెపు దిబ్బలను గుర్తించి పటములలో నెక్కించిరి. కోనసముద్రమున మూసల పెంకులు నేటికిని దొరకుచున్నవి. పరీక్షించిన శాస్త్రజ్ఞులు ఆ మట్టిలో వరిఊక కలిపియుండుటను, ఆ ఊకయే మూసకు అంతటి వేడిని తట్టుకొను బలము నిచ్చుటను కనుగొనిరి. అనేక దిబ్బలచెంత కమ్మరులు కొలుచు మమ్మాయి దేవత గుడియో, గద్దెయో కలదు. కొన్ని చోట్ల కొలిమి పోయి వంద సంవత్సరములు దాటినను, ఆ గద్దెకు పసుపు మాత్రము ఎవరో పూయుచునే యున్నారు.