తప్పులు దిద్దినవారి కథ



పరుల వ్రాఁతలోఁ దప్పు పట్టుట తెలుఁగువారికి నిన్న మొన్న నబ్బిన విద్య కాదు. తాఁటియాకుపై గంటముతో వ్రాసిన నాఁడే యది మొదలైనది. సభలోఁ దప్పు పట్టినవాఁడు గెలిచెను, పట్టుపడినవాఁడు తల వంచెను. అయితే దిద్దినవా రెవరు? దేనిని బ్రమాణముగాఁ గొని దిద్దిరి? దానివలన నేమి నిలిచెను, ఏమి చెడెను? ఈ సంగతులను గొన్నింటిని మీకు విన్నవింపఁ దలఁచితిని.

మొదట లేఖకుల మాట. తాళపత్రములలోఁ బదమునకును బదమునకును నడుమ నెడము విడుచు నాచారము లేదు. గంటము గీచినప్పు డక్షరము సరిగాఁ గన్పట్టదు. పిదప మసియో పసరో రుద్దినఁగాని తెలియదు. అట్టిచోఁ బకారము వకారమగుటయు, దకారమునకు వత్తు చేరుటయు, కన్ను జాఱి యొక పాదము విడిచిపోవుటయు సహజము. అందుచేతనే గ్రంథాంతమున లేఖకుఁడు తాను జూచినది చూచినట్లు వ్రాసితిననియు, శుద్ధమైనను నశుద్ధమైనను దోషము తనది కాదనియు శ్లోకముతో మనవి చేసికొనెడివాఁడు. నడుము వంగి, మెడ వాలి కష్టపడి వ్రాసినది కాఁబట్టి కాపాడుఁడని మఱియొక మనవి. నాకీ వినయము మిక్కిలి నచ్చును. ఇట్టి తప్పులను దిద్దుటలోఁ దగవు లేదు. వేఱొక ప్రతి దొరకినచో సందేహము తీఱును.

చిక్కు వేఱొకచోట నున్నది. 1656వ సంవత్సర ప్రాంతమునఁ బల్నాటిసీమ కామేపల్లిలోఁ గాకునూరి అప్పకవి తన లక్షణగ్రంథమునకుఁ బూనుకొనెను. నన్నయభట్టు చేసెనని చెప్పు ఆంధ్రశబ్దచింతామణిని భీమకవి గోదావరిలోఁ గలిపెననియు, అది సారంగధరునికిఁ గంఠస్థమై యుండుటచే మరల బ్రదికెననియు నందొక కథ కలదు. కథ నిజమని నే ననను. కాని తప్పు దిద్దఁబోవువానికి నన్నయయంతటి పెద్ద సాక్షి కావలసివచ్చె ననుట మాత్ర మా కథవలనఁ దెలియుచున్నది.

నాఁటి తగవులలో నొకటి శకటరేఫము, మన పల్లెలలో బండిఱ యనునది. పాత శాసనములలో రేఫమును శకటరేఫమును వేఱువేఱుగాఁ జెక్కిరి. అప్పుడు నోటను భేద ముండెను. కాలము గడచినకొలఁది నోటిలో భేదము పోయెను, లక్షణగ్రంథములలో నిలిచెను. అటుపిమ్మట నే పదమున నేది వ్రాయవలెనో చెవి చెప్పదు, పట్టికయే చెప్పవలెను. పట్టిక యెఱుఁగనివాఁడు రెండింటికిని యతిప్రాసలు కూర్చి దోషి యయ్యెను. ఇట్టి తగవులలోఁ బూర్వకవుల ప్రయోగములను బ్రోగుచేసి చూపుటయే యెదురుమందు. కూచిమంచి తిమ్మకవి సర్వలక్షణసారసంగ్రహ మట్టి ప్రయోగములకు నిధి. అడిదము సూరకవి యైతే తన గ్రంథమునకుఁ గవిసంశయవిచ్ఛేదమనియే పేరు పెట్టెను. కవులకే యిన్ని సంశయములు కలిగినప్పుడు తక్కినవారి సంగతి చెప్పనేల?

పిదపఁ బందొమ్మిదవ శతాబ్దమున బ్రౌనుదొర వచ్చెను. ఆయన 1820లోఁ గడపకు వచ్చి, పండితులకు జీతము లిచ్చి, యొక్కొక్క గ్రంథమునకుఁ బలు ప్రతులు తెప్పించి పాఠములను సరిపోల్పించెను. వేమనను బండితులు కవిగా లెక్కింపని కాలమది. ఆయన 1829లో 693 వేమనపద్యములను, 1839లో 1164 పద్యములను అచ్చు వేయించెను. పాఠము దిద్దుటకును బాఠము మార్చుటకును నెంత యెడమున్నదో యిట్టి పనిలోఁ దెలియును. వాడుకమాటను దీసి కావ్యపుమాటను నిలిపినచోఁ బద్యము శుద్ధమగునేమో కాని వేమన మిగులఁడు.

1858లోఁ జిన్నయసూరి బాలవ్యాకరణము వెలువడెను. నేను దానిని జిన్ననాఁడే వల్లించినవాఁడను. ఆ సూత్రముల కుదురు చూచి నేఁటికిని ముచ్చటపడుచుందును. ఒక్క యక్షరము తీయరాదు, ఒక్క యక్షరము చేర్పరాదు. అచ్చుయంత్రమును బడులును బెరుగుచున్న యాకాలమున నది తప్పు తూఁచు త్రాసయ్యెను. అంతకుముందు సభలోనివా రెఱిఁగిన తప్పు, పత్రిక పుణ్యమా యని యూరూరఁ దెలియసాగెను.

ఆ కాలపుఁ గయ్యములలోఁ గొక్కొండ వేంకటరత్నము పంతులుగారికిని గందుకూరి వీరేశలింగము పంతులుగారికిని జరిగినది చెప్పుకొనఁదగినది. చిన్నయసూరి 1853లోఁ బ్రకటించిన నీతిచంద్రికలో మిత్రలాభ మిత్రభేదములు మాత్రమే కలవు, సంధివిగ్రహములు మిగిలిపోయెను. కొక్కొండవారు విగ్రహతంత్రము వ్రాసిరి. వారు సామాన్యులు కారు; ఇంట బయట నిత్యము మాటలాడునప్పుడు సైతము గ్రాంథికమును విడువరని ప్రసిద్ధి. వీరేశలింగముగా రందలి దోషములను వెదకి విగ్రహతంత్రవిమర్శనము వ్రాసిరి. సంధివిగ్రహములను దామును రచించిరి. కొక్కొండవారి పత్రిక ఆంధ్రభాషాసంజీవని, వీరేశలింగముగారిది 1874లోఁ బుట్టిన వివేకవర్ధని. ఆ వర్ధనిని వెక్కిరించుచు వారు హాస్యవర్ధని తీసిరి. ఆ సంజీవనిని వెక్కిరించుచు వీరు హాస్యసంజీవని తీసిరి. పేరులు తాఱుమాఱైన యీ ముచ్చట చదివిననాఁడు నాకు నవ్వాఁగలేదు.

కాని నవ్వి విడువఁదగిన సంగతి కాదు. అదే వివేకవర్ధనిలో వీరేశలింగముగా రుద్యోగుల లంచములను బయటఁబెట్టిరి. అది ప్రజకుఁ గావలసిన దిద్దుబాటు. దానిని జదువవలసిన ప్రజకు మొదట వ్రాసిన భాష కొఱుకుడు పడలేదు. అది గుర్తించి వారు క్రమక్రమముగా శైలిని దేలికపఱచిరి. పరుని విగ్రహతంత్రమున దోషము లెన్నిన చేయియే తన వ్రాఁతలోని బిగువును సడలించుకొనెను. వారి పాండిత్యమునకంటె నీ గుణమునే నేనెక్కువగా మెచ్చుకొందును.

ఇఁక గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు. 1863లోఁ బుట్టి, పర్లాకిమిడిలో నుపాధ్యాయులై, సవరల భాష నేర్చికొని, కొండలలోఁ దిరిగి జ్వరము తెచ్చుకొని, క్వయినా మింగి మింగి వినికిడి పోఁగొట్టుకొనినవారు. చెవి పోయినవాఁడే జనుల నోటిమాటకు వకీలు కావలసివచ్చుట చిత్రము. జనులు చెప్పుకొను భాషయు బడిలోఁ జెప్పు భాషయు నేల వేఱుగా నున్నవని యేట్సు అను పాఠశాలల పరీక్షకుఁడు వేసిన ప్రశ్నతో వా రీ పనిలోఁ దిగిరి. శాసనములు, పాతవ్యాఖ్యానములు, మెకంజీదొర వ్రాయించిన గ్రామకైఫీయతులు తిరుగవేసి, వచనము వ్రాయవలసివచ్చినప్పుడు మన పూర్వులు వాడుకభాషను దడవుకొనక వ్రాసిరని చూపిరి. 1913లో వా రింగ్లీషున విన్నపము ప్రకటింపఁగా, జయంతి రామయ్య పంతులుగా రా యేఁటనే గ్రాంథికమును సమర్థించుచు నెదురు పుస్తకము వ్రాసిరి. 1914లో గురజాడ అప్పారావుగారు విశ్వవిద్యాలయమునకు భిన్నాభిప్రాయపత్రము సమర్పించిరి.

రామయ్య పంతులుగారి భయమును దీసివేయరాదు. ఒక్కొక్క సీమవా రొక్కొక్క రీతి వ్రాసినచో నొకచోటి గ్రంథము వేఱొకచోట నర్థము కాదని వారి వాదము. మంచి ప్రశ్నయే. కాని గిడుగువా రిచ్చిన జవాబు ఖండితముగా నుండెను. గ్రాంథికవాదుల పుస్తకములనే ముందిడికొని, బాలవ్యాకరణమునే చేతఁబట్టి, సూత్రమునకు విరుద్ధమైన ప్రయోగములను వరుసగా నేఱి చూపిరి. ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజ మను పేరే వారి వెటకారమును దెలుపుచున్నది. జీవితమంతయు వ్యాకరణముతోఁ గడపినవారికే నిలుకడ లేని భాషను బదియేండ్ల పిల్లవాఁడు తప్పు లేక వ్రాయవలయు ననుట న్యాయమా యని వారడిగిరి.

ఇక్కడనే నా మనస్సు తగులుకొనినది. పరీక్షలోఁ బిల్లవానికిఁ దప్పు వేయునది వానికి రాని మాటకుఁ గాదు, వచ్చిన మాటకు. వాఁడు తల్లియొద్ద నేర్చిన క్రియాపదమును వ్రాసెను; అది తప్పని యెఱ్ఱగీఁత పడెను. అట్టి గీఁతలు పది పడినచోఁ గలము పట్టుటయే మాను పిల్లలు కలరు. మఱి యాలోచింపుఁడు. మీ యూరి క్రయదస్తావేజులో నరసున్న లేదని యే న్యాయాధిపతియు దానిని గొట్టివేయలేదు. తూర్పుహద్దు పడమరహద్దుగాఁ బడినచో మాత్రము ముందు దిద్దవలసినదే, లేకున్న రెండు కుటుంబములు మూఁడు తరములు కోర్టులచుట్టుఁ దిరుగును. ఆ రెండు తప్పులను నొకే ధరకు వెల కట్టుట నా కెన్నఁడును సమ్మతము కాలేదు.

1919లో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్రభాషాప్రవర్తకసమాజ మేర్పడఁగా వీరేశలింగముగా రధ్యక్షులైరి, గిడుగువారు కార్యదర్శులైరి. విగ్రహతంత్రమునకు విమర్శ వ్రాసిన యా వీరేశలింగముగారే! ఆ సంవత్సరము మే నెలలోనే వారు కాలధర్మము నొందిరి. గిడుగువారి శిష్యులైన తాపీ ధర్మారావుగారు జనవాణి పత్రికలో సంపాదకీయములను వాడుకభాషలోనే వ్రాయ మొదలుపెట్టిరి. గిడుగువారు 1940 జనవరి 15వ తేదీనఁ బత్రికాసంపాదకులకుఁ దుదివిన్నపము చేసి, ఆ నెల 22వ తేదీనఁ గన్ను మూసిరి. వారి పుట్టినదినమగు ఆగస్టు 29ని మన మేఁటేఁటఁ దెలుఁగుభాషాదినముగా జరుపుకొనుచున్నాము. బండిఱయు నరసున్నయు బడిపుస్తకములనుండి తొలఁగిపోయినవి. పాతకావ్యములు చదువువారికిఁ గావలసి మావంటివారి చేతిలోఁ గొన్ని మిగిలియున్నవి.