చివరి మజిలీ ఎగ్గొట్టే టికెట్

హైదరాబాద్‌లో విజయవాడకు బస్సు టికెట్ కొని సూర్యాపేటలో దిగిపోతే కండక్టర్ పట్టించుకోడు. ఛార్జీ కిలోమీటర్ల లెక్క కాబట్టి నష్టం మనకే. అమెరికాలో విమానం టికెట్‌తో ఇదే పని చేస్తే ఒక్కోసారి ప్రయాణికుడికి డబ్బు మిగులుతుంది, కంపెనీకి ఒళ్లు మండుతుంది.

ఒకప్పుడు అక్కడా ఇలా ఉండేది కాదు. 1938 నుంచి నాలుగు దశాబ్దాలపాటు రాష్ట్రాల మధ్య విమాన ఛార్జీలను సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు అనే ప్రభుత్వ సంస్థే ఖరారు చేసేది. ధర తగ్గించే వీలు లేక కంపెనీలు భోజనాల్లో, మర్యాదల్లో పోటీపడేవి. 1977లో ఆ బోర్డు ఛైర్మన్‌గా వచ్చిన ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ కాన్ తన కుర్చీ కింది నేలనే తవ్వడం మొదలుపెట్టాడు. 1978 అక్టోబరు 24న అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ఆ కట్లు తెగాయి.

ఇక ధర ఎంత పెట్టాలి? దానికి జవాబు అప్పటికే బ్రిటన్‌లో ఉంది. అక్కడి విమాన సంస్థ బీఓఏసీ ఉద్యోగి కెన్ లిటిల్‌వుడ్ 1972లో ఒక సూత్రం చెప్పాడు. చౌకగా అడిగేవాళ్లు ముందే వస్తారు, ఎంతైనా ఇచ్చేవాళ్లు ఆఖర్లో పరిగెత్తుకొస్తారు. ఆఖర్లో 400 డాలర్లిచ్చే మనిషి వచ్చే అవకాశం సగమే అనుకుంటే, ఆ సీటు విలువ ఇవాళ 200. ఎదురుగా ఉన్నవాడు 150 ఇస్తానంటే సీటు అట్టేపెట్టు. 250 ఇస్తానంటే అమ్మెయ్. ఇంతే.

దీన్ని ఆయుధంగా మార్చింది అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి రాబర్ట్ క్రాండాల్. 1981లో నెవార్క్ నుంచి మొదలైన పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే విమాన సంస్థ అన్ని సీట్లూ చౌకగా అమ్మేది. క్రాండాల్ 1985 జనవరిలో ముందుగా కొనేవారికి కొన్ని సీట్లు మాత్రం అంత చౌకకు ఇచ్చి, మిగతావి ఆఫీసు పనిమీద తిరిగేవారికి పాత ధరకే ఉంచాడు. ఏ రోజు ఎన్ని సీట్లో కంప్యూటర్లు తేల్చేవి. 1987 ఫిబ్రవరికల్లా పీపుల్ ఎక్స్‌ప్రెస్ మరో కంపెనీలో కలిసిపోయింది.

మరోవైపు కంపెనీలు అట్లాంటా, డాలస్, షికాగో వంటి చోట్ల ప్రయాణికులు విమానం మారే హబ్‌లు కట్టుకున్నాయి. చిల్లు పడింది ఇక్కడే. న్యూయార్క్ నుంచి డాలస్‌కు నేరుగా వెళ్లేవాడికి ప్రత్యామ్నాయాలు తక్కువ. అతని టికెట్ 300 డాలర్లు అనుకుందాం. అదే న్యూయార్క్ నుంచి అల్బుకర్కీ అనే ఊరికి వెళ్లేవాడు డెన్వర్ మీదుగానో ఫీనిక్స్ మీదుగానో వేరే కంపెనీలో పోగలడు. అందుకని డాలస్ మీదుగా అతనికి 200కే ఇస్తారు. డాలస్ వెళ్లేవాడు ఆ 200 టికెట్ కొని మధ్యలో దిగిపోతే? దీన్నే హిడెన్ సిటీ టికెట్ అన్నారు. ట్రావెల్ ఏజెంట్లకు ఇది పాత విద్యే. పట్టుబడితే కంపెనీలు తేడా సొమ్ము ఏజెంటు నుంచే రాబట్టేవి.

2013లో అక్తరెర్ జమాన్ అనే కుర్రాడు ఇలాంటి టికెట్లను వెతికిపెట్టే స్కిప్‌లాగ్డ్ సైటు తెరిచాడు. మరుసటి ఏడాది యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వేసిన దావాను షికాగో కోర్టు తన పరిధి కాదంటూ 2015లో కొట్టేసింది. జర్మనీలో లుఫ్తాన్సా విమాన సంస్థ ఒక ప్రయాణికుడి మీదే 2,112 యూరోలకు దావా వేసి 2018లో బెర్లిన్ కోర్టులో ఓడింది. 2024 అక్టోబరులో మాత్రం ఫోర్ట్‌వర్త్ జ్యూరీ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు స్కిప్‌లాగ్డ్ 94 లక్షల డాలర్లు కట్టాలంది. అందులో సగం ఆ కంపెనీ లోగో వాడుకున్నందుకు!

డబ్బు కట్టిన సీటును వదులుకోవడం నేరమంటే నేను ఒప్పుకోను. అయితే అందరూ ఇదే చేస్తే అల్బుకర్కీ వాళ్లకు ఆ చౌక టికెట్ దక్కదన్నదీ నిజమే.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఈ పనికి దిగేముందు రెండు సంగతులు చూసుకోవాలి. చెక్-ఇన్ చేసిన బ్యాగు చివరి ఊరికే పోతుంది. రానూపోనూ టికెట్‌లో వెళ్లేటప్పుడే ఒక మజిలీ ఎగ్గొడితే తిరుగు ప్రయాణం మొత్తం రద్దవుతుంది.