కుక్క మెడలోని గ్రంథి

ఇంటిలో కుక్కను పెంచువారు దాని మెడను దినమునకు పదిమారులైనను నిమురుచుందురు. ఆ వ్రేళ్ల క్రిందనే, ఊపిరిగొట్టమునకు ఇరుప్రక్కల, రెండు చిన్న తమ్మెలుగా ఒక గ్రంథి యున్నదని తలచువారు అరుదు. వైద్యులు దానిని థైరాయిడు గ్రంథి యందురు. మన పాఠ్యపుస్తకములలో దానికి అవటు గ్రంథి యని పేరు. ఆరోగ్యముగా నున్నంతకాలము అది వ్రేళ్లకు తగలనే తగలదు. చెడినప్పుడే తన ఉనికిని చాటుకొనును.

ఈ గ్రంథిని గూర్చి నేడు మానవునికి తెలిసిన దానిలో చాల భాగము కుక్కల మెడలనుండియే తెలిసినది. ఆ విద్యాఫలము మరల కుక్కకు చేరుటకు నూరేండ్లు పైగా పట్టినది. ఈ లోపల మానవుడే మరియొక ప్రక్క, అందము కొరకును పేరు కొరకును, కుక్కల వంశములను కట్టుదిట్టము చేసి, క్రొత్త చిక్కులకు దారి తీసెను. ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెనని మా సంకల్పము.

మెడ వాచి వ్రేలాడు వ్యాధి మనకు క్రొత్త కాదు. దానిని మన ప్రాచీన వైద్యులు గళగండమనిరి. సుశ్రుత సంహితలో దాని వర్ణన కలదు. చైనాలో సముద్రపు నాచును, ఐరోపాలో కాల్చిన స్పాంజి బూడిదను దానికి మందుగా నిచ్చుచుండిరి. ఎందుకు పని చేయుచున్నదో ఎవరికిని తెలియదు. 1656లో ఈ గ్రంథికి డాలు అను అర్థము గల గ్రీకు మాటనుండి పేరు తీసి పెట్టిన థామస్ వార్టన్ అను ఆంగ్ల వైద్యుడు సైతము, మెడకు గుండ్రదనము నిచ్చి శోభ గూర్చుటయు దాని పనులలో ఒకటి యని తలచెను. 1811లో బెర్నార్ కూర్త్వా అను ఫ్రెంచి రసాయనికుడు నాచు బూడిదలో అయొడిన్ అను మూలపదార్థమును కనుగొనెను. 1820లో జెనీవా వైద్యుడు క్వాందే దానిని గళగండమునకు మందుగా వాడెను. మందు దొరకినది; గ్రంథి చేయు పని మాత్రము చీకటిలోనే యుండిపోయినది.

ఆ చీకటిలోనికి దీపము పట్టినది కుక్క. మోరిట్జ్ షిఫ్ అను శరీరశాస్త్రజ్ఞుడు 1850ల నడుమ స్విట్జర్లాండులోని బెర్న్ నగరమున కుక్కల మెడలనుండి ఈ గ్రంథిని పూర్తిగా తీసి చూచెను. కుక్కలు బ్రతుకలేదు. ఆ మాట నెవరును అంతగా పట్టించుకొనలేదు. ఇంతలో అదే బెర్న్ నగరమున థియోడోర్ కోహర్ అను శస్త్రవైద్యుడు గళగండము గల రోగులకు గ్రంథిని తీసివేయుటలో అసమానమైన నేర్పు సంపాదించెను. కాని 1883లో తన పాత రోగులను పిలిపించి చూడగా, గ్రంథిని సమూలముగా తీసిన వారిలో పెక్కుమంది మందబుద్ధులై, ముఖములు ఉబ్బి, పిల్లలైనచో పెరుగుదల నిలిచిపోయి యుండిరి. శస్త్రము నెగ్గినది, మనిషి ఓడినాడు. కోహర్ ఆ సంగతిని దాచక లోకమునకు చెప్పెను. ఆ నిజాయితీ వలననే విజ్ఞానము ముందుకు సాగినది. ఈ గ్రంథిపై చేసిన కృషికి ఆయనకు 1909లో నోబెల్ బహుమానము లభించినది.

అప్పుడు షిఫ్ తన పాత కుక్కలను జ్ఞాపకము చేసికొనెను. 1884లో ఆయన జెనీవాలో మరల ప్రయోగములు సలిపెను. ఈ మారు ఒక కుక్క గ్రంథిని మరియొక కుక్క పొట్టలో ముందుగా అతికి, ఆ తరువాత దాని మెడలోని గ్రంథిని తీసెను. కుక్క బ్రతికినది! గ్రంథి ఎక్కడ నున్నను చాలును, అది రక్తములో విడుచు పదార్థమే ప్రాణాధారమని దీనివలన తోచినది. తొలి ప్రయోగములలో కుక్కలు అంత త్వరగా చచ్చుటకు వేరొక కారణము కూడ కలదు. ఇవార్ సాండ్‌స్ట్రోమ్ అను స్వీడన్ దేశపు వైద్యవిద్యార్థి 1877లో కుక్క మెడను కోసి చూచుచు, థైరాయిడును అంటిపెట్టుకొని యున్న గింజంత గ్రంథి నొకదానిని కనుగొని, 1880లో ప్రకటించెను. అవియే పారాథైరాయిడు గ్రంథులు. శరీరములోని సున్నపు పాలును కాపాడునవి అవియే. షిఫ్ తెలియక వానిని కూడ తీసివేసి యుండెను. ఈ విధముగ కుక్క మెడ ఒకటి కాదు, రెండు రహస్యములను మనకు విప్పి చెప్పినది.

ఇక ఫలము. 1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరమున జార్జి మరే అను యువవైద్యుడు గొఱ్ఱె థైరాయిడు రసమును నలుబదియారేండ్ల స్త్రీ కొకామెకు సూదిమందుగా నిచ్చెను. మంచమున పడియుండవలసిన ఆమె కోలుకొని మరి ఇరువదియెనిమిది సంవత్సరములు జీవించినది. ఆమె జీవితకాలమున వాడిన మందుకు 870కి పైగా గొఱ్ఱెల గ్రంథులు పట్టినవి. 1895లో జర్మను రసాయనికుడు యూజెన్ బౌమన్ ఈ గ్రంథిలో అయొడిన్ కలదని కనుగొనెను. 1914 డిసెంబరు 25న అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ దాని సారమైన హార్మోనును స్ఫటికములుగా వేరుపరచెను. 1927 నాటికి హారింగ్టన్, బార్జర్ అనువారు దానిని ప్రయోగశాలలోనే కూర్చిరి. నేడు మనుష్యులును కుక్కలును మ్రింగు థైరాయిడు మాత్ర ఆ కృషి ఫలమే.

వీధికుక్కలు చేసిన మేలు వేరు. 1905లో డేవిడ్ మెరైన్ అను వైద్యుడు అమెరికాలోని క్లీవ్‌లండ్ నగరమున ఉద్యోగమునకు వచ్చినప్పుడు, అచ్చటి వీధులలో తిరుగు కుక్కల మెడలు వాచియుండుట ఆయన కంటబడినది. ఆ ప్రాంతపు నేలలో, నీటిలో అయొడిన్ కొరతయే దానికి మూలమని గ్రహించి, తన సహచరుడు కింబాల్‌తో కలిసి ఏక్రన్ పట్టణపు పాఠశాల బాలికలకు కొద్దికొద్దిగా అయొడిన్ లవణము నిప్పించెను. మందు తీసికొన్న 2190 మందిలో ఐదుగురికి మాత్రమే మెడ వాచెను. తీసికొనని 2305 మందిలో 495 మందికి వాచెను. 1922లో స్విట్జర్లాండులోను, 1924లో అమెరికాలోని మిషిగన్‌లోను అయొడిన్ కలిపిన ఉప్పు బజారునకు వచ్చినది. మన దేశమున ఇట్టి పనికి అగ్రగణ్యుడు శ్రీకాకుళమున జన్మించి విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు. 1956లో హిమాలయపాదమున కాంగ్రా లోయలో ఆయనయు ఆయన సహచరులును కొన్ని భాగములకు అయొడిన్ ఉప్పును, ఒక భాగమునకు మామూలు ఉప్పును పంచి, భేదమును కనులకు కట్టించిరి. 1962లో జాతీయ గళగండ నివారణ కార్యక్రమము ఆరంభమైనది.

ఇక రెండవ కథ. జార్జి మరే గొఱ్ఱె రసముతో ప్రాణము నిలిపిన ఆ న్యూకాసిల్ నగరముననే, అంతకు ముప్పదిరెండేండ్ల క్రిందట, 1859 జూన్‌లో, ప్రథమ శునక ప్రదర్శనముగా చరిత్రకారులు పేర్కొను ప్రదర్శనము జరిగినది. అందు వేటకుక్కలే పాల్గొన్నవి. 1873లో లండనున కెన్నెల్ క్లబ్బు వెలసినది. మరుసటి సంవత్సరము వంశావళి గ్రంథము అచ్చయినది. 1884లో అమెరికాలోను అట్టి సంస్థ ఏర్పడినది. తల్లిదండ్రులు ఇరువురును గ్రంథమున కెక్కినగాని పిల్ల శుద్ధజాతి కాజాలదను నియమము క్రమముగా స్థిరపడినది. అనగా ద్వారము మూయబడినది. లోపలనున్నవి లోపలనే సంతానమును పొందవలెను.

అదే కాలమున చిన్న కుక్కలపై మోజు పెరిగినది. 1888లో విక్టోరియా రాణి ఇటలీ పర్యటనలో మార్కో అను చిన్న పామరేనియన్ కుక్కను సంపాదించెను. 1891లో ఆరంభమైన క్రఫ్ట్స్ ప్రదర్శనములో రాణిగారి పామరేనియన్లు పాల్గొన్నవి. రాణి మెచ్చినదానిని లోకము మెచ్చక యుండునా? ఒకప్పుడు పది, పండ్రెండు కిలోలు తూగిన జాతి, కొలది తరములలోనే మూడు కిలోల లోపునకు దిగినది. చిన్నవానికి చిన్నదానిని జతపరచుట, తండ్రికి మనుమరాలిని జతపరచుట, మెచ్చిన మగకుక్క నొకదానిని వందల పిల్లలకు తండ్రిని చేయుట సాధారణమైనది.

దీనివలన కీడేమి? ప్రతి ప్రాణికిని ప్రతి జన్యువునకు రెండు ప్రతులుండును. ఒకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి. ఒక ప్రతి చెడినను రెండవది పని నెట్టుకొని వచ్చును. అట్టి దోషమును అంతర్గతమందురు. చెడిన ప్రతిని మోయు కుక్క చూచుటకు సలక్షణముగ నుండును, దానిని వాహకమందురు. రెండు వాహకములు కలిసినప్పుడు సగటున నాలుగింట ఒక పిల్లకు రెండు ప్రతులును చెడినవే సంక్రమించును. విశాలమైన జనములో ఇట్టి కలయిక అరుదు. ద్వారములు మూసిన వంశములో అది అనివార్యము.

దీనికి ఉదాహరణముగా టాయ్ ఫాక్స్ టెరియర్ అను అమెరికా జాతిని చూతము. నక్కవేటకు పెంచిన ఫాక్స్ టెరియర్లలో మిక్కిలి చిన్నవానిని ఏరి, మరికొన్ని చిట్టి జాతులతో కలిపి దీనిని తీర్చిరి. 1936లో యునైటెడ్ కెన్నెల్ క్లబ్బు దీనిని ప్రత్యేక జాతిగా నమోదు చేసెను. పెరిగిన కుక్క మూడు కిలోలకు ఇంచుమించుగ తూగును. ఈ జాతి కాన్పులలో అప్పుడప్పుడు ఒక విచిత్రము కనబడుచుండెను. పిల్ల పుట్టినప్పుడు తోడివానివలెనే యుండును. వారము గడచుసరికి మందకొడియై, పాలు త్రాగుటకు పెనుగులాడదు. కండ్లు తెరచుట ఆలస్యమగును, చెవి రంధ్రములు ఇరుకుగా నుండును, వెండ్రుకలు వింతగా నుండును. మూడవ వారమునకు మెడకు ఇరువైపుల వాపు చేతికి తగులును. చికిత్స లేనిచో బ్రతికినను మరుగుజ్జుగా మిగులును. బలహీనపు పిల్ల యనియో, తల్లి పాలు చాలలేదనియో సరిపెట్టుకొని, యజమానులు దానిని మరచిపోవుట సులభము. మరుసటి కాన్పునకు అదే జంటను కలుపుటయు అంతే సులభము.

2003లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీని గుట్టు విప్పిరి. థైరాయిడు గ్రంథిలో అయొడిన్‌ను హార్మోనుగా కూర్చుటకు పెరాక్సిడేజు అను ఎంజైము కావలెను. ఈ పిల్లలలో ఆ ఎంజైమును పుట్టించు జన్యువులో, వాక్యము నడుమ పూర్ణవిరామము పడినట్లు, ఒక్క మార్పు వలన ఆదేశము అర్ధాంతరముగ నిలిచిపోవుచున్నది. అయొడిన్ గ్రంథిలోనికి వచ్చుచున్నది గాని పనికి రాకుండ పోవుచున్నది. మెదడు అడుగుననున్న పీయూష గ్రంథి హార్మోను చాలలేదని తొందరపెట్టుచునే యుండును. వాల్వు కాలిపోయిన పాత రేడియోకు స్వరము పెంచు మరను ఎంత త్రిప్పినను పాట వినబడనట్లు, ఆ తొందరకు హార్మోను పెరుగదు; గ్రంథి మాత్రము ఉబ్బును. క్లీవ్‌లండ్ వీధికుక్కకు మెడ వాచినది నేలలో అయొడిన్ లేక. ఈ పెంపుడు పిల్లకు మెడ వాచినది రక్తములో అయొడిన్ ఉన్నను దానిని వాడుకొనలేక. మొదటిది నేల లోపము, రెండవది మనము వ్రాసిన వంశావళి లోపము.

శుభవార్త యేమనగా, ఇట్టి పిల్లను మొదటి వారములలోనే గుర్తించి హార్మోను మాత్ర నిచ్చినచో అది ఇంచుమించు మామూలుగనే పెరుగును. అంతకన్న గొప్పది, వాహకములను డి.ఎన్.ఏ. పరీక్షతో గుర్తింపవచ్చును. వాహకమును దోషరహితమైన కుక్కతో జతపరచినచో వ్యాధిగల పిల్ల పుట్టదు. కావున వాహకముల నన్నిటిని ఒక్కమారుగ వెలివేయనక్కరలేదు. అట్లు వెలివేసినచో చిన్న జాతి మరింత చిన్నదై, వేరొక దోషము తల యెత్తును. తెలిసి జతపరచుటే మేలు.

మన ఇండ్ల సంగతి వేరు. మన పట్టణములలో పామరేనియన్ అని పిలువబడు తెల్లని కుక్కలలో చాల భాగము స్పిట్జ్ కుక్కలు. వీనిలో దేనికైనను బొచ్చు రాలినచో థైరాయిడే కారణమని ఇరుగుపొరుగువారు తీర్పు చెప్పుదురు. నిజమైన పామరేనియన్లకు నడుమున, తొడలపైన బొచ్చు రాలి చర్మము నల్లబడు వేరొక వ్యాధి కలదు. అందు తలయు పాదములును బాగుగనే యుండును, కుక్క హుషారుగనే తిరుగును, థైరాయిడు సరిగనే పని చేయుచుండును. దాని మూలము తేలనందున పశువైద్యులు గణితములో తెలియని రాశికి పెట్టు ఎక్స్ అను పేరే దానికి పెట్టిరి. పెద్ద వయసున థైరాయిడు మందగించు వ్యాధి డాబర్మన్, గోల్డెన్ రిట్రీవర్ వంటి పెద్ద జాతులలోనే హెచ్చు. అందు కుక్క తిండి పెరుగకయే లావెక్కును, సోమరియగును, చలికి ఓర్వదు, తోక వెండ్రుకలు రాలును. వేరొక జబ్బు వలనను, స్టిరాయిడ్ల వంటి మందుల వలనను రక్తములో ఈ హార్మోను తగ్గినట్లు కనబడును. కావున ఒక్క అంకెను చూచి తీర్పు చెప్పక, పీయూష గ్రంథి పంపు ఉత్తేజక హార్మోనును గూడ పరీక్షింపవలెను. అవసరము లేని మాత్ర హెచ్చైనచో గుండెదడ, దాహము, బరువు తగ్గుట కలుగును. ఇంటిలో మనిషి వాడు మాత్రను కుక్కకు అంచనాతో నిచ్చుట ఎన్నడును తగదు. మోతాదుల లెక్క వేరు, నిర్ణయించువాడు పశువైద్యుడు.

షిఫ్ బల్లపై ప్రాణము విడిచిన కుక్కల పేర్లు చరిత్రలో లేవు. వాని మెడలనుండి నేర్చిన పాఠము వలన నేడు కోట్లాది మంది ఉదయముననే ఒక చిన్న మాత్రతో ఆరోగ్యముగ నున్నారు. ఆ ఋణమును తీర్చుమార్గము పెద్దది కాదు. కుక్కపిల్లను కొనునప్పుడు దాని తల్లిదండ్రులకు జరిపిన పరీక్షలేమని అడుగుట. మూలను ముడుచుకొని పాలు త్రాగని పిల్లను విధియని వదలక మెడ తడిమి చూచి వైద్యునికి చూపుట. ఎంత చిన్నదైన అంత ముద్దని పొగడుటకు ముందు ఒక్క క్షణ మాగుట. కోహర్ తన శస్త్రము తెచ్చిన కీడును దాచక చెప్పినట్లే, కుక్కలను పెంచి అమ్మువారును తమ కాన్పులలో కనబడిన లోపమును దాచక చెప్పినచో, ఆ మూసిన ద్వారములోపల నున్న మూగప్రాణులకు మేలు కలుగును.