నిద్రలో ఎంత లాగుతుంది?

భద్రాచలంలో గోదావరిని అడుగుల్లో చెప్పుకుంటారు. 43కి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3. మరి పాత ఖమ్మం జిల్లా అడవుల్లోంచి దిగే చిన్న వాగు రాత్రికి రాత్రి ఎంత పొంగిందో తెలియాలంటే? కరెంటు లైను లేనిచోట బ్యాటరీ మీద నెలల తరబడి బతికే పరికరం కావాలి. ఆ ఆలోచనతోనే నా దగ్గరున్న ఆర్డునో ఊనో బోర్డు తీశాను.

ఆర్డునో 2005లో ఇటలీలోని ఇవ్రియాలో డిజైన్ విద్యార్థుల కోసం పుట్టింది. యూఎస్‌బీ తీగకు తగిలించుకుని బల్ల మీద ఉండాల్సిన బోర్డు అది. చిప్పును నిద్రపుచ్చినా రెగ్యులేటరు, యూఎస్‌బీ చిప్పు, ఆ పచ్చ ఎల్ఈడీ మేలుకునే ఉంటాయి. నా మీటరు 30 మిల్లీఆంపులు చూపించింది. అంటే 2,500 మిల్లీఆంప్-అవర్ల బ్యాటరీ మూడున్నర రోజులకే ఖాళీ. ముసురు పట్టి సోలార్ పలక పనిచేయని జులై వారం కూడా గడవదు. అదే చిప్పు ఒక్కటే నిద్రపోతే 10 మైక్రోఆంపులు చాలు, కాగితం మీద 28 ఏళ్లు. (ఈలోపు బ్యాటరీయే ముసలిదై పోతుందనుకోండి.)

ఈ అవసరం పాతదే. 1990ల మొదట్లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు జర్మనీలో ఎంఎస్‌పీ430ని తయారుచేసింది బ్యాటరీతో ఏళ్లు నడవాల్సిన మీటర్ల కోసమే. కానీ నాకు నచ్చిన మలుపు ఇంకోటి ఉంది. ఎస్‌టీ వాళ్ల న్యూక్లియో బోర్డు మీద ఐడీడీ అని రాసిన గోరంత జంపర్ ఉంటుంది. దాన్ని పీకి ఆ పిన్నుల మధ్య అమ్మీటరు పెడితే చిప్పు లాగే కరెంటు మాత్రమే తెలుస్తుంది. బోర్డు లెక్క వేరు, చిప్పు లెక్క వేరు అని తయారుచేసినవాళ్లే ఒప్పుకున్నారన్నమాట.

సరే, న్యూక్లియో కొన్నాను. ఈసారి మీటరే మోసం చేసింది. మైక్రోఆంపుల రేంజిలో మల్టీమీటరు లోపల 100 ఓమ్‌ల దాకా నిరోధం ఉంటుంది. నిద్రలేచిన చిప్పు 20 మిల్లీఆంపులు అడిగితే 2 వోల్టులు అక్కడే పోతాయి. 3.3లో మిగిలేది 1.3, దాంతో చిప్పు చతికిలబడుతుంది. తప్పు నా కోడ్‌లో ఉందనుకుని రెండు రాత్రులు వెతికాను! చివరికి మీటరుకు సమాంతరంగా ఓ స్విచ్ పెట్టి, చిప్పు నిద్రపోయాకే దాన్ని తెరిచాను. 2 మైక్రోఆంపులు.

సంబరంగా నీటిమట్టం చూసే అల్ట్రాసోనిక్ సెన్సారును అదే బ్యాటరీకి కలిపాను. ఊరికే కూర్చున్నా అది 2 మిల్లీఆంపులు లాగుతోంది, చిప్పుకి వెయ్యి రెట్లు. దాని కరెంటు ఆపే ట్రాన్సిస్టరు ఇంకా సోల్డర్ చేయాలి. వానాకాలం దగ్గరపడింది.